మోటారు మెకానిక్కుకు చెప్పిన కణం కథ

తొమ్మిదో క్రోమోజోమూ ఇరవై రెండో క్రోమోజోమూ తమ కొసలు ఒకదానితో ఒకటి మార్చుకోవడం నేను కళ్ళారా చూశాను. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, ఈ మూడు ఊళ్ళలోనూ ఆ వింత చూసిన మొదటి మనిషిని నేనే. డాక్టర్లకంటే ముందే చూశాను. చూసి, జబ్బు పేరు చెప్పి, మందు చెప్పి, ఒక మనిషి ప్రాణం నిలబెట్టాను.

ఈ మాట నేను పెళ్ళి భోజనాల పంక్తిలో చెప్పాను, బస్సుల్లో పక్క సీటువాళ్ళకు చెప్పాను, రిటైరైన రోజు మెడలో దండ ఉండగా మైకులో కూడా చెప్పాను. అచ్చులో చెప్పాల్సి వచ్చేసరికి మాత్రం చెయ్యి వెనక్కి లాగుతోంది. ల్యాబ్ టెక్నీషియన్ చదువు చదివే పిల్లలు ఇది చదువుతారట. మీరు ఊరుకునే రకం కాదు. అందుకని ముందే ఒప్పుకుంటున్నాను. క్రోమోజోముల్ని నేను చూడలేదు. వాటిని చూడడానికి వేరే పద్ధతి, వేరే ల్యాబు కావాలి. నేను చూసింది గాజు పలక మీద పరిచి రంగు వేసిన ఒక రక్తపు చుక్క. మిగతాది మా డాక్టరమ్మ తన ఫోనులో చూపించిన బొమ్మ.

ఆ రక్తపు చుక్క మాత్రం అబద్ధం కాదు.

అప్పటికి నేను మదనపల్లెలో ఒక ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం చివరి ఏళ్ళలో ఉన్నాను. మామూలు రక్తంలో తెల్లకణాలు మండుటెండలో బజారున కనబడే మనుషుల్లాగా అక్కడొకటి ఇక్కడొకటి ఉంటాయి. ఆ పొద్దు మైక్రోస్కోపులో కన్ను పెట్టేసరికి టమోటా మార్కెట్టు తెరిచినట్టుంది. ముదిరినవీ, సగం ఎదిగినవీ, ఇంకా ఎముక మూలుగలోనే ఉండాల్సిన పసికణాలూ, అన్నీ రోడ్డున పడి ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. పలక మీద రాసిన పేరు మళ్ళీ చదివాను. ఎందుకంటే ఉద్యోగం మొదట్లో కుప్పంలో ఉండగా ఇలాంటి పలకలు నేను చూశాను. ఆ పలకల తాలూకు మనుషులు కొన్నేళ్ళకే వెళ్ళిపోవడమూ చూశాను.

ఈ చుక్క తాలూకు మనిషి పుంగనూరులో బోరు మోటార్లు చుట్టే మెకానిక్కు. నలభై దాటినవాడు. ఎడమపక్క డొక్కలో ప్లీహం పెరిగి రాయిలా గట్టిపడి, నాలుగు ముద్దలు తినలేక, చొక్కా వేలాడుతూ వచ్చాడు. వెంట పెళ్ళాం వచ్చింది. బెంగళూరుకు పంపిన పరీక్షలో తేలింది మేం అనుకున్న జబ్బే, ఒక రకం రక్త క్యాన్సరు. అయితే ఇప్పుడు దానికి మాత్ర ఉంది.

మా రక్తజబ్బుల డాక్టరమ్మ బెంగళూరు నుంచి నెలకోసారి వచ్చేది. మాటలు తక్కువ, రోగులు ఎక్కువ. రోగులకు వివరంగా చెప్పడానికి ఒక కౌన్సెలరమ్మ ఉండేది, కుప్పం అమ్మాయి, నోట్లో తెలుగూ తమిళమూ కలిసి ఆడేవి. చెప్పడం ఆమె ఉద్యోగం. నాకు ఆశ. మెకానిక్కును చూడగానే ఆమెను పక్కకు జరిపి నేనే కూర్చున్నాను.

"స్టార్టరులో కాంటాక్టులు కరిగి అతుక్కుపోయిన కేసు నీ షాపుకు ఎప్పుడైనా వచ్చిందా?" అని అడిగాను.

"రాకేం సార్. కరెంటు ఎచ్చుతగ్గులైతే అంతే గదా. ఎర్ర బటను ఎంత నొక్కినా మోటరు నిలబడదు. బాయిలో నీళ్ళు అయిపోయినా తిరగతానే ఉంటాది."

"నీ రక్తంలో జరిగింది అదే."

వాడి కళ్ళు నా మొహం మీద నిలబడ్డాయి. ఇక నన్నెవరు ఆపగలరు? ప్రతి కణంలోనూ ఒంటికి కావలసిన సూచనలన్నీ క్రోమోజోముల్లో చుట్టి ఉంటాయని చెప్పాను, రాగి తీగ చుట్టినట్టు. తొమ్మిదోదాని కొస తెగి ఇరవై రెండోదానికీ, దీని కొస దానికీ అతుక్కున్నాయనీ, అతికిన చోట రెండు జన్యువులు ఒకటైపోయాయనీ చెప్పాను. ఆ రెండింట్లో ఒకటి స్విచ్చు లాంటిది. అవసరమైనప్పుడు 'పెరుగు' అని కణానికి చెప్పి, ఆ తర్వాత నోరు మూసుకోవాలి. అతుకుపడ్డాక దాని ఎర్ర బటను పోయింది. దాంతో కణం పెరుగుతూనే ఉంటుంది, రెండవుతూనే ఉంటుంది.

"ముందు ఎవరికో మైక్రోస్కోపులో ఒక పొట్టి క్రోమోజోము కనబడింది. అదెందుకు పొట్టిదైందో తెలియడానికి ఏళ్ళు పట్టింది. అతుకు దగ్గర పుట్టే ప్రోటీను ఏదో కనిపెట్టడానికి ఇంకొన్నేళ్ళు. ఆ ప్రోటీనులో ఒక గుంట ఉంది, అది శక్తిని అందుకునే చోటు. సరిగ్గా ఆ గుంటలో కూర్చునేలా మందును మలిచారు. అదే ఈ మాత్ర."

"అంటే సార్, కాంటాక్టుల మద్దెన ప్లాస్టిక్కు ముక్క దోపినట్ట."

నేను కుర్చీలోంచి లేచి వాడి వీపు చరిచాను. ఆసుపత్రికి శిక్షణకొచ్చే కుర్రాళ్ళలో ఒక్కడు కూడా ఇంత తొందరగా పట్టుకోలేదు.

కౌన్సెలరమ్మ వెనకనుంచి అంది: "సార్, మోటరు కత అయిపోయుంటే, మాత్తర ఎన్నిగంటలకు ఏసుకోవాలో నేను సెప్పుకుంటాను."

మాత్ర పనిచేసింది. వాడి రక్తంలో రద్దీ తగ్గింది, డొక్కలో రాయి కరిగింది, మొహానికి కళ వచ్చింది. ఒక్క జన్యువు తప్పును పట్టుకుని దాని గుంటకు కొలత తీసి మందు చేసినవాళ్ళు ఏ దేశంలో ఏ ల్యాబులో ఉన్నారో కానీ, పుంగనూరులో ఆ ఘనత నేను తీసుకున్నాను. పని ఉన్నా లేకపోయినా వాడి షాపుకు వెళ్ళేవాణ్ణి. షాపు వెనకే ఇల్లు. వాడు నన్ను మోటార్ల కోసం వచ్చిన రైతులకు చూపించి, "ఈ సారే నాకు తీగలు సరిజేసినాడు" అనేవాడు. నేను కాదనేవాణ్ణి కాదు. వెళ్ళిన ప్రతిసారీ సంగటీ నాటుకోడి పులుసూ. కోడిని కోయొద్దని చెప్పేవాణ్ణి. మరీ గట్టిగా మాత్రం చెప్పేవాణ్ణి కాదు.

తర్వాతి ఏడాది లెక్క తిరగబడింది.

అతుకుపడిన ఆ జన్యువు రక్తంలో ఎంత మిగిలి ఉందో చెప్పే పరీక్ష ఒకటుంది. కంటికి కనబడని కణాలను కూడా అది పట్టేస్తుంది. దిగుతూ వచ్చిన ఆ అంకె ఆగింది. ఆ తర్వాతి సారి పైకి లేచింది. ఇంకోసారి ఇంకొంచెం లేచింది. మెకానిక్కు మాత్రం గుండ్రాయిలా ఉన్నాడు, అప్పటికి అతనికేమీ తెలియడం లేదు.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి నాతో అంది: "కణం తెలివి మీరిందేమో. ఆ గుంట ఆకారం మార్చుకుని ఉంటే మాత్ర ఇక కూర్చోదు. అలా అయితే వేరే మాత్ర చూడాలి. మార్పు ఉందో లేదో ముందు పరీక్షకు పంపుదాం. ఇలాగే పెరుగుతూ పోతే ఒకరోజు జబ్బు ఉగ్రంగా మారుతుంది. అప్పుడు మన చేతిలో ఉండేది చాలా తక్కువ."

ఆ పరీక్ష ఫలితం వచ్చేదాకా నేను నిలకడగా కూర్చోలేదు. మైక్రోస్కోపు అద్దాన్ని తుడిచిందే తుడిచాను. పరిచిన పలకలే మళ్ళీ పరిచాను. షాపుకు వెళ్ళడానికి మొహం చెల్లలేదు. ప్లాస్టిక్కు ముక్క దోపామని చెప్పిన నోటితో, ఆ కాంటాక్టులు వంకర తిరిగాయి, ముక్క పట్టడం లేదని ఎలా చెప్పాలి? ఇంట్లో భోజనానికి కూర్చున్నా కాళ్ళు ఊగుతూనే ఉండేవి.

కుప్పంలో మా ఆసుపత్రి శిబిరం పెట్టిన రోజున ఫలితం వచ్చింది. డాక్టరమ్మ ఫోను చూసి, కనుబొమలు ముడిచి, నన్నూ కౌన్సెలరమ్మనూ పక్కకు పిలిచింది.

"గుంట మారలేదు. కణంలో కొత్త మార్పు ఏదీ లేదు. మాత్ర పనిచేసి తీరాలి."

"మరి చేయడం లేదు కదా మేడమ్?"

"మాత్ర గుంట దాకా పోతుందా లేదా అన్నది చూడాలి. రోజూ మింగుతున్నాడా?"

నాకు కోపమొచ్చింది. "ఆయన నా మనిషి మేడమ్. ఆ మాత్ర ఎలా పనిచేస్తుందో మనకంటే బాగా చెప్తాడు. అలాంటివాడు మానేస్తాడా?"

"మీ మనిషా, మేడమ్ పేషెంటా?" అంది కౌన్సెలరమ్మ. "సార్, పొద్దున్నించి గానుగెద్దు మాదిరి తిరగతా ఉండారు. ఈడ తిరిగేది యాల? ఆడికే పోయి ఒగసారి సూస్తే ఏం?"

శిబిరం సగంలో ఉండగానే బస్సెక్కాను. వి.కోట మీదుగా పలమనేరు, అక్కడ మారి పుంగనూరు. ఆ దారంతా కిటికీ కమ్మీ మీద వేళ్ళతో కొడుతూనే ఉన్నాను. ముందు సీటాయన వెనక్కి తిరిగి, "ఏమప్పా, తలనొప్పి పుట్టిస్తాండావే" అని కసిరాడు. పుంగనూరు బస్టాండులో దిగి షాపు దాకా పరుగెత్తానని రిటైర్మెంటు మైకులో చెప్పాను. ఆటోలో వెళ్ళాను. దారిలో దిగి టీ కూడా తాగాను, ఏమని అడగాలో తెలియక.

మెకానిక్కు విప్పిన మోటారు స్టేటరు ముందు గొంతుక్కూర్చుని రాగి తీగ దోపుతున్నాడు. నన్ను చూడగానే వెనక్కి కేకేశాడు: "ఏమే, సార్ వచ్చినాడు సూడు!" పెరట్లో కోడి గోలపెట్టింది. ఇక దాని సంగతి తేలిపోయింది.

"మాత్ర రోజూ వేసుకుంటున్నావా?"

"ఏసుకుంటాండా సార్. ఏం, యాల అట్ల అడగతారు? ఒగ దినము గూడా తప్పు సేయలా."

కళ్ళలోకి చూశాను. అబద్ధమాడే కళ్ళు కావు. నేను చాలా ఆడాను కాబట్టి ఆ కళ్ళు నాకు తెలుసు. నెత్తిమీద బరువు ఇంకా పెరిగింది. గుంట మారలేదు, మాత్ర తప్పలేదు. మరి ఎక్కడుంది లోపం? పరీక్షలోనా? మా ల్యాబులోనా? రక్తం తీసి పంపేది నేనే కదా?

భోజనానికి కూర్చున్నాం. ఇద్దరి పళ్ళేలలో సంగటి ముద్దలు, పులుసు. మెకానిక్కు పళ్ళెం పక్కన గ్లాసులో నీళ్ళు, డబ్బా మూతమీద మాత్ర అలవాటు కొద్దీ పెట్టి ఉన్నాయి. వాడి పెళ్ళాం గిన్నెతో వచ్చి, కూర వడ్డించి, వంగి ఆ మాత్రను తీసుకుని గూట్లో పెట్టేసింది.

"అదెందుకు తీశావమ్మా?"

"కోడికూర గదా సార్," అంది, వానొస్తుంటే గొడుగెందుకని నేను అడిగినట్టుగా చూసి.

"కోడికూరైతే?"

"మాంసం తిన్న దినం మందు మింగుతారా ఎవురైనా? వికటించదూ?"

ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. నోట్లోకి పోలేదు.

"మాంసం ఎప్పుడెప్పుడు తింటారు?"

"ఆదివారాలు. గంగమ్మ జాతరప్పుడు ఇంటినిండా సుట్టాలు, అన్ని దినాలూ. యాడన్నా మొక్కు తీర్సి పిలిస్తే. ఇంగ..." ఆగి మొగుడి వైపు చూసింది. "మీరొచ్చినప్పుడు."

అప్పుడు నాకు మొత్తం అర్థమైంది. జబ్బుతో ఉన్నప్పుడు వాడికి నోరు చవి లేదు. గంజి తాగేవాడు, మాత్ర మింగేవాడు, అంకె దిగింది. మాత్ర వల్ల ఆకలి వచ్చింది. ఆకలి వచ్చాక మాంసం వచ్చింది. మాంసం వచ్చిన రోజు మాత్ర గూట్లోకి పోయింది. మాత్రలు మిగలాలి కదా అంటారేమో. మిగిలాయి. అవి అయ్యాకే మళ్ళీ వచ్చేవాడు. ఆలస్యమైతే షాపులో పని ఎక్కువైందనుకునేవాళ్ళం. తప్పు సేయలేదని వాడన్నది కూడా నిజమే. వాడి లెక్కలో తప్పు అంటే పథ్యం చెడి మందు మింగడం. ఆ తప్పు ఒక్కసారి కూడా చేయలేదు.

"అప్పా, ఈ మాత్రకు పథ్యం లేదు. ఒక రోజు గడిస్తే ఒంట్లో దాని బలం తగ్గిపోతుంది. ప్లాస్టిక్కు ముక్క కరిగిపోయినట్టే. మళ్ళీ దోపాలి. ఇప్పుడే మింగు."

వాడి మొహం నల్లబడింది. "మాయన్న సంగతి మీకు తెలీదు సార్. కామెర్లకు పసరు తాగినాడు. తాగి, ఎండుచేపలు తిన్నాడు. ఆ వారం దాటలా. నేనే మోసినా."

నా దగ్గరున్న క్రోమోజోములూ ప్రోటీన్లూ గుంటలూ ఆ ఎండుచేప ముందు నిలబడలేకపోయాయి. వాడికి కణం కథ తెలియక కాదు. తెలుసు. అన్న శవం బరువు అంతకంటే బాగా తెలుసు.

డాక్టరమ్మకు ఫోను చేసి స్పీకరులో పెట్టాను. ఆమె సంగతంతా వింది. తర్వాత అంది: "అన్నం తిన్నాక మింగమని నేనే చెప్పాను. ఏ కూరతో అని చెప్పలేదు. ఏ కూరైనా సరే. ఇప్పుడు మింగండి."

వాడు కదల్లేదు. పెళ్ళాం గూట్లోంచి మాత్ర తీసి మొగుడి అరచేతిలో పెట్టింది.

"మింగు. ఏమన్నా అయితే సార్ ఈడ్నే ఉంటాడు గదా. పోనిస్తామా ఈయప్పను? మోటరుకు కట్టేస్తాను."

కళ్ళు మూసుకుని మింగాడు.

ఆ సాయంత్రం షాపు అరుగు మీద కూర్చున్నంత అస్థిమితంగా నేను నా ఉద్యోగంలో ఎప్పుడూ కూర్చోలేదు. మందు సంగతి నాకు తెలుసు. ఏమీ కాదనీ తెలుసు. అయినా వాడు డొక్క మీద చెయ్యి పెట్టుకున్నప్పుడల్లా నేను లేచి నిలబడ్డాను. "కడుపులో ఏందో తిరగతాండాది సార్," అన్నాడు ఒకసారి. ఆ మాత్రకు కొంచెం వికారం ఉంటుంది, మామూలే. ఆ మాట నా నోట్లోంచి సగమే వచ్చింది. అప్పుడే మోటారు తీసుకుపోవడానికి బి.కొత్తకోట రైతు ఒకాయన వచ్చాడు.

"ఏమప్పా, మొగం అట్ల పెట్టినావు?"

"కోడికూర తిని మాత్తర మింగినా."

"సచ్చినావు పో!" అన్నాడు రైతు, నిజంగానే వెనక్కి ఒక అడుగు వేసి. "ఎవురప్పా నీకు సెప్పింది?"

మెకానిక్కు వేలు నా వైపు తిరిగింది. ఆ రైతు నన్ను కిందినుంచి పైకి చూసిన చూపు ఇప్పటికీ నాకు కలలో వస్తుంది. అతను మోటారు ఎత్తుకుపోకుండా, ఏమవుతుందో చూసి పోదామని అరుగు అవతలి కొసన కూర్చున్నాడు. ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటూ ఉన్నాం. పొద్దు వాలింది. మెకానిక్కు గట్టిగా ఒక తేన్పు తేన్చాడు. మళ్ళీ ఇంకోటి. లోపలికి తిరిగి, "ఏమే, పులుసు మిగిలిందా?" అని అడిగాడు. రైతు మోటారు భుజానికెత్తుకుని, చూడ్డానికి ఏమీ లేకపోయిందన్నట్టు వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత అంకె మళ్ళీ దిగింది. తొందరగా కాదు, మమ్మల్ని బాగా ఏడిపించే దిగింది. గుంట ఆకారం మారకముందే పట్టుకున్నామని, ఇంకొంతకాలం అలాగే సాగి ఉంటే చెప్పలేమని డాక్టరమ్మ అంది. మెకానిక్కు ఇప్పటికీ తీగలు చుడుతున్నాడు. ఆదివారాలు మాంసం తింటున్నాడు, మాత్ర మింగుతున్నాడు.

మా పద్ధతి కూడా మారింది. కౌన్సెలరమ్మ 'రోజూ వేసుకుంటున్నావా' అని అడగడం మానేసి, 'ఏ దినం ఏసుకోవు?' అని అడగడం మొదలుపెట్టింది. కుప్పం శిబిరంలో ఆ ప్రశ్నకు జవాబులు వినండి. ఒకామె శనివారం ఒక్కపొద్దు కాబట్టి వేసుకోదు. టైలరు సాయిబు ఒకాయన రంజాను నెలలో వేళ మార్చుకోవచ్చునని తెలియక, అడగడానికి మొహమాటపడి మానేశాడు. వీళ్ళలో ఒక్కరూ మందును నమ్మనివాళ్ళు కారు. మరీ ఎక్కువ నమ్మినవాళ్ళు. పిల్లలూ, మీరు రేపు జన్యువుల చికిత్సల గురించి నాకంటే ఎంతో బాగా చెబుతారు. కణం లోపలికి పోయే దారి చెప్పేటప్పుడు, కంచం మీదుగా పోయే దారి కూడా కనుక్కోండి. పథ్యం మాట మాకు తట్టలేదు. మేము చెప్పలేదు, వాళ్ళు అడగలేదు. అంతే జరిగింది.

అని ఇక్కడికి రాసి ముగించాను. అచ్చుకు ఇచ్చేముందు పుంగనూరు తీసుకెళ్ళాను. మెకానిక్కు పెద్దమండ్యం వైపు ఏదో బోరు దగ్గరికి పోయి ఉన్నాడు. వాడి పెళ్ళాం షాపు గడపలో కూర్చుని శనక్కాయలు ఒలుస్తోంది. మొదటినుంచి చదివి వినిపించాను. మోటారుకు కట్టేస్తానన్న చోట నవ్వింది. రైతు వచ్చిన చోట ఇంకా నవ్వింది. చివరి మాట దగ్గర చేతిలో కాయలు చాటలో పడేసింది.

"అడగలేదని రాసినారే సార్, అది తీసేయండి. మొదటి దినమే అడిగినాడు ఆయప్ప. 'దీనికి పత్యమేమన్నా ఉండాదా సార్' అని. నేను పక్కనే కూసోనుండాను. మీరు మోటరు కత మద్దెలో ఉండారు. 'ఉంటాది ఉంటాది, ముందు నేను సెప్పేది ఇను' అన్నారు."